పన్నెండంగుళాల లూమి

సోమవారం పొద్దున వెండెల్ నార్డీన్ మూడంటే మూడు పనులు పెట్టుకున్నాడు. అందరికంటే అరగంట ముందు ఆఫీసుకు చేరుకోవడం, ఎవరూ చూడకుండా రెండు పేజీలు ప్రింటు తీసుకోవడం, మధ్యాహ్నం భోజనం వేళ వాటిని కర్టిస్ చేతిలో పెట్టి రావడం. వెండెల్‌కు యాభై నాలుగేళ్లు. మంచు కరిగిపోయిన రోడ్డు మీద కూడా బండిని గంటకు నలభై మైళ్లు దాటనివ్వడు. అలాంటి జాగ్రత్తపరుడు వేసుకున్న పథకం ఇంతకంటే నిరపాయంగా ఉండే వీల్లేదు. ఊరు ఊరంతా అల్లకల్లోలం కావడానికి అది చాలింది.

వెండెల్ ఎల్క్ బెండ్ కౌంటీలో కాలువల తనిఖీ అధికారి. మిన్నెసోటాలో ఆ ప్రాంతమంతా ఒకప్పుడు ఊబి. తాతలు కాలువలు తవ్వి, నీళ్లు బయటికి పంపి, పొలాలు చేసుకున్నారు. మనవలు ఆ కాలువల మీద తగాదాలు పడుతూ తాతల పేరు నిలబెడుతున్నారు. తగువు ముదిరినప్పుడు వెండెల్ మోకాళ్ల దాకా బూట్లు తొడుక్కుని, కొలబద్ద పట్టుకుని కాలువలోకి దిగుతాడు. బయటికొచ్చి ఒక్క మాట చెబుతాడు. రెండు పక్షాలవాళ్లూ మొహాలు మాడ్చుకుని ఆ మాట ఒప్పుకుంటారు. నార్డీన్ గాలి కబుర్లు చెప్పే మనిషి కాదు, ఉన్నది ఉన్నట్టు చెబుతాడు అన్న పేరే దానికి కారణం. అతను ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో కూడబెట్టుకున్నది ఆ పేరు ఒక్కటే.

ఆ పేరుకు అడుగున ఒక చిల్లు ఉంది. ప్రతి శనివారం మధ్యాహ్నం వెండెల్, గ్యాసు బండి నడిపే స్నేహితుడు కర్టిస్, మరో నలుగురు పెద్దమనుషులు కర్టిస్ గ్యారేజీలో తలుపు గడియ పెట్టుకుని ఒక ఆట ఆడతారు. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్లు కాగితం మీద తాము పుట్టించుకున్న వీరులై రాక్షసులతో, మంత్రగాళ్లతో మాటల్లోనే యుద్ధాలు చేస్తారు. కత్తి తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. జుట్టు నెరిసిన ఆరుగురు మగాళ్లు ఇరవై రెండేళ్లుగా చేస్తున్న ఈ ఘనకార్యం వెండెల్ భార్య లావోన్‌కు తప్ప బయట ఎవరికీ తెలియదు. వాళ్లు అక్కడ పాత పడవ ఒకటి బాగుచేస్తున్నారని ఊరు నమ్ముతోంది.

ఇరవై రెండేళ్లయినా ఆ పడవ ఎందుకు బాగవలేదని ఒక్కరూ అడగలేదు. ఎల్క్ బెండ్‌లో ప్రాణం పోతున్నా ఎదుటివాడి సొంత విషయం అడగరు. అది మర్యాద కాదు. తమకు తామే ఊహించుకుంటారు. ఊహించుకున్న కష్టానికి తగినంత వంట చేసి, వేడివేడిగా తెచ్చి గుమ్మంలో పెట్టి, వాతావరణం గురించి రెండు మాటలు చెప్పి వెళ్లిపోతారు.

మొన్న శనివారం ఆటలో వెండెల్ వీరుడు చచ్చిపోయాడు. పంతొమ్మిదేళ్లుగా గొడ్డలి తిప్పిన ఆరడుగుల యోధుడు, పాచిక ఒక్కసారి అడ్డం తిరిగేసరికి బావిలో పడ్డాడు. కొత్తవాణ్ని పుట్టించుకోవాలంటే ఆ గ్యారేజీలో ఒక కట్టుబాటు ఉంది. అందరి ముందూ పాచికలు వేయాలి, ఒక్కసారే వేయాలి, పడ్డవి పడ్డట్టు రాసుకోవాలి. వెండెల్ వేశాడు. కర్టిస్ అంకెలు చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"బలం మూడు, ఒంట్లో సత్తువ నాలుగు. ఒరేయ్ వెండెల్, దీంతో మనిషిని చేస్తే వాడు మంచం కూడా దిగలేడు. రెక్కల ఫెయిరీని చేసుకో."

మిగతా నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. వెండెల్ ముఖం గంటు పెట్టుకుని ఇంటికి వచ్చాడు. ఇంట్లో లావోన్ లేదు. కూతురు కిర్‌స్టెన్‌కు ఆరో నెల. పుట్టబోయే బిడ్డ గదికి రంగులు వేయడానికి ఆవిడ కూతురుండే ఫార్గో పట్నం వెళ్లింది, బుధవారం సాయంత్రానికి వస్తుంది. ఆదివారం పొద్దున వెండెల్ విసుగ్గానే పెన్ను పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి విసుగు పోయింది. సాయంత్రానికి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, ఆ రెక్కల పిల్ల మీద అతనికి ప్రాణం ఏర్పడింది. గడ్డకట్టిన చెరువు ఒడ్డున రెల్లు కంకిలో పుట్టింది. ఒక రెక్క కొంచెం పొట్టి. కొంగలంటే భయం. రైతుల కోట్ల నుంచి రాలిపోయిన గుండీలు ఏరుకుని దాచుకుంటుంది. పేరు లూమి. ముప్ఫై ఏళ్లుగా కాలువ లోతు, నీటి మట్టం తప్ప మరో వాక్యం రాయని మనిషి రెండు పేజీలు నింపాడు.

ఇంటి ప్రింటర్‌లో సిరా లేదు. అందుకే సోమవారం పొద్దున ఆఫీసు ప్రింటర్. అది రెల్లు కంకి, రెక్కలు, కొంగలు, గుండీలు ఉన్న మొదటి పేజీని నమిలి మింగేసింది. వెండెల్ దాని నోట్లోంచి కాగితం పీకుతుండగా లోపల అతని ఫోను మోగింది. పద్నాలుగో నంబరు కాలువ ఎగువ రైతు ఆర్విడ్ బెర్గ్‌క్విస్ట్. ఆయన ఫోను చేస్తే నలభై నిమిషాలు. తిరిగి వచ్చేసరికి మొదటి పేజీ ముక్కలే మిగిలాయి, రెండో పేజీ జాడ లేదు. దాన్ని కూడా యంత్రమే తినేసి ఉంటుందనుకుని వెండెల్ ఊపిరి పీల్చుకున్నాడు.

రెండో పేజీ చక్కగా బయటికి వచ్చి, చక్కగా ట్రేలో పడి, చక్కగా ఆర్డిస్ చేతికి చిక్కింది. ఆర్డిస్ ఆ ఆఫీసులో ముందు గదిలో కూర్చునే పెద్దావిడ. ఊరి లూథరన్ చర్చి ప్రార్థన గొలుసుకు మొదటి కొస కూడా ఆవిడే. ఎవరికైనా ఆపద వస్తే ఆవిడ ఇద్దరికి ఫోను చేస్తుంది, వాళ్లు తలా ఇద్దరికి చేస్తారు, గంటలో ఊరంతా మోకాళ్ల మీద ఉంటుంది. ఆవిడ చదివిన పేజీలో ఇలా ఉంది:

"పేరు లూమి. ఆడపిల్ల. పొడవు పన్నెండు అంగుళాలు, బరువు పదహారు ఔన్సులు. ఒంట్లో బలం లేదు, ఎవరైనా గట్టిగా తుమ్మితే పోయేలా ఉంది. శనివారం గండం దాటితే తర్వాత మెల్లగా పుంజుకుంటుందని ఆశ. ఇంత చిన్నది నా పాలిట పడుతుందనుకోలేదు. కానీ వచ్చాక వదులుకోవాలనిపించడం లేదు. వెండెల్."

కిర్‌స్టెన్‌కు ఆరో నెల అని ఆర్డిస్‌కు తెలుసు. లావోన్ ఉన్నట్టుండి ఫార్గో వెళ్లిందనీ తెలుసు. ఈ రెంటి పక్కన ఆ కాగితం పెడితే ఇక అడగడానికేముంది? వెండెల్‌ను ఒక్క మాట అడిగితే సరిపోయేది, ఫార్గోకు ఒక్క ఫోను కొడితే సరిపోయేది. కానీ ఆర్డిస్ పద్ధతి గల ఇంట్లో పెరిగిన మనిషి. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, కళ్లు ఒత్తుకుని, ఇద్దరికి ఫోను చేసింది.

మధ్యాహ్నానికి గొలుసు నలభై ముగ్గురిని చుట్టింది. నెలలు నిండకుండా పుట్టిన పసిపాప మూడో ఫోనుకి గాజు పెట్టెలోకి చేరింది. తొమ్మిదో ఫోనుకి హెలికాప్టర్ వచ్చింది. ఇరవయ్యో ఫోనుకి ఇద్దరు పెద్ద డాక్టర్లు పెదవి విరిచారు. చివరి ఫోను అందుకున్న ముసలాయనకు చెవుడు కనుక, కష్టం వెండెల్‌కు వచ్చిందన్నంత వరకే ఆయనకు తెలిసింది. ఆయన ఉప్పుపట్టిన పంది తొడ, హ్యామ్ ఒకటి తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లాడు.

మంగళవారం పొద్దున వెండెల్ తలుపు తీస్తే గుమ్మంలో హ్యాము, దాని చుట్టూ ఏడు గిన్నెలు. ఏడింటిలోనూ హాట్‌డిష్షే: అడుగున మాంసం, బీన్సు, పుట్టగొడుగుల సూపు, పైన వరసగా బంగాళాదుంప ముక్కలు. వెండెల్ కాసేపు ఆలోచించి ఇది పద్నాలుగో నంబరు కాలువ గురించేనని తేల్చుకున్నాడు. వచ్చే సోమవారం ఆ కాలువ మీద విచారణ ఉంది. ఎగువ ఆర్విడ్ కాలువను మూడడుగులు లోతు చేయాలంటాడు, దిగువ లోవెల్ స్టైమ్ అంగుళం తవ్వినా తన పొలం మునుగుతుందంటాడు. ఇద్దరూ మాట్లాడుకుని పదకొండేళ్లయింది. ఆ ఇద్దరి మధ్య కూర్చోబోయే మనిషి మీద ఊరికి జాలి కలగడంలో వింతేమీ లేదు. ఆఫీసులో పై అధికారి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, ఎప్పుడు వెళ్లాలనిపిస్తే అప్పుడు వెళ్లమన్నప్పుడు కూడా వెండెల్ కాలువనే తలుచుకుని, సోమవారం దాకా ఎలాగో లాగిస్తానన్నాడు. పై అధికారి బయటికి వెళ్లి ముక్కు చీదుకున్నాడు.

పది గంటలకు ఆర్డిస్ అతని గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"నిన్న ప్రింటర్ దగ్గర నీ కాగితం నా కంట పడింది, వెండెల్. కావాలని చదవలేదు."

వెండెల్ పెన్ను కింద పెట్టాడు. "మొత్తం చదివారా, ఆర్డిస్ గారూ?"

"రెండుసార్లు." ఆవిడ సంచిలోంచి నారింజపండంత టోపీ తీసి బల్ల మీద పెట్టింది. లేత పసుపు ఉన్నితో అల్లింది, కింద చుట్టూ తెల్ల అంచు. "నువ్వు రాసిన కొలతల్ని బట్టి అల్లాను. సరిపోతుందో లేదో."

వెండెల్ ఆవిడ ముఖంలోకి చూశాడు. వెటకారం లేదు. పెదవి చివర నవ్వు కూడా లేదు. ఇరవై రెండేళ్లుగా అతను దేనికి భయపడ్డాడో అది జరిగిపోయింది, జరిగినందుకు ఫలితం ఒక ఉన్ని టోపీ. అతని కళ్లు చెమర్చాయి.

"సరిగ్గా సరిపోతుంది. మీరు నవ్వుతారనుకున్నాను."

"నవ్వడమా? నన్ను అలాంటిదాన్ననుకున్నావా?"

"తప్పంతా నాది. శనివారం నా చెయ్యి బాగుండి ఉంటే ఇంత నీరసంగా పుట్టేది కాదు."

శనివారం అతని చేతికేమైందో ఆర్డిస్‌కు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని అడగకూడదు కనుక దుఃఖం కింద జమకట్టింది. తనను తాను నిందించుకోవద్దని చెప్పింది. వెండెల్‌కు ఇన్నేళ్లకు మనసు విప్పుకోవడానికి మనిషి దొరికింది.

"కర్టిస్ ఏమంటున్నాడో తెలుసా? పోతే పోనీ, ఇంకోదాన్ని పుట్టించుకోవచ్చులే అంటున్నాడు. నాకు మనసు రావడం లేదు."

ఆ సాయంత్రానికి పదకొండు ఇళ్లవాళ్లు కర్టిస్ దగ్గర గ్యాసు తీసుకోవడం మానేశారు. కారణం అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ ఎవర్నీ అడగలేదు.

ఆవిడ వెళ్లబోతుంటే వెండెల్ గొంతు తగ్గించి, ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని బతిమాలాడు. కాలువల దగ్గర తన మాట నిలబడాలంటే ఇది బయటికి పొక్కకూడదన్నాడు. ఇక మీదట తన నోటి నుంచి ఒక్క మాట రాదని ఆర్డిస్ ప్రమాణం చేసింది, నిజాయితీగానే చేసింది. రావాల్సినవన్నీ నిన్ననే వచ్చేశాయి మరి. కర్టిస్ అన్న మాట మాత్రం ఆ ప్రమాణంలోకి రాదనుకుంది.

బుధవారం సాయంత్రం చర్చి కింది హాల్లో సూపు భోజనం. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాస రోజుల్లో ప్రతి బుధవారం ఉండేదే. లావోన్ ఫార్గో నుంచి నేరుగా అక్కడికే వస్తానంది. వెండెల్ హుషారుగా మెట్లు దిగాడు. హాల్లో ఎనభై మంది ఉన్నారు, అతన్ని చూడగానే మాటలు ఆగిపోయాయి. గోడ పక్కన పొడుగాటి బల్ల, బల్ల మీద వరసలు కట్టిన ఉన్ని టోపీలు. ముప్ఫై ఏడు. నారింజపండంతవి, నిమ్మకాయంతవి, ఒకదానికి కుచ్చు, ఒకదానికి చెవులు.

వెండెల్ మెట్ల దగ్గరే ఆగిపోయాడు. ఆర్డిస్ చెప్పేసింది. ఎనభై మందికీ తెలుసు. తెలిసి నవ్వకుండా, కూర్చుని ఒక ఫెయిరీకి ముప్ఫై ఏడు టోపీలు అల్లారు. వీళ్లకు పిచ్చెక్కిందా, తన మీద ఇంత ఓపిగ్గా వేళాకోళం ఆడుతున్నారా అని అతను తేల్చుకోలేకపోయాడు. ఇంతలో పాస్టర్ ఇంగ్రిడ్ మైకు అందుకుంది. అందరూ తలలు వంచారు. ఆవిడ మెత్తటి గొంతుతో పసికందు లూమి కోసం, నెలలు నిండకుండా ఆ బిడ్డను కన్న కిర్‌స్టెన్ కోసం, పక్కనుండి కనిపెట్టుకుంటున్న లావోన్ కోసం, ఇక్కడ ఒంటరిగా కుమిలిపోతున్న తాతయ్య కోసం ప్రార్థించింది.

తాతయ్య చెమటతో తడిసిపోయాడు. హ్యాము, గిన్నెలు, పై అధికారి ముక్కు చీదడం, ఆర్డిస్ కన్నీళ్లు, అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. మైకు దాకా వెళ్లి మెల్లగా ఎలా చెప్పాలా అని అతను చూస్తుండగా, వెనక వరసలో ఇద్దరు లేచారు. ఆర్విడ్, లోవెల్. పదకొండేళ్లలో ఆ ఇద్దరూ ఒకే బెంచీ మీంచి లేవడం అదే మొదటిసారి. ఆర్విడ్ తన నెత్తి మీది టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ మాట్లాడాడు.

"వెండెల్ గారూ, ఈ సమయంలో మిమ్మల్ని కాలువ గొడవలోకి లాగడం మా ఇద్దరికీ నచ్చలేదు. అడుగున్నర లోతు చాలని నేనొప్పుకున్నా. గట్టు నేను పోయించేట్టయితే తనకు అభ్యంతరం లేదని లోవెల్ ఒప్పుకున్నాడు. సోమవారం సంతకాలు పెట్టేస్తాం. మీరు పిల్ల దగ్గరికి వెళ్లండి."

హాల్లో ముక్కులు చీదుకోని మనిషి లేడు. అడుగున్నర లోతు, ఎగువవాడి గట్టు: పదకొండేళ్లుగా వెండెల్ ఇద్దరికీ చెప్పిందీ, ఇద్దరూ తన్ని తరిమేసిందీ సరిగ్గా ఇదే. నోరు మూసుకుని తల ఊపితే చాలు, పద్నాలుగో నంబరు కాలువ తగువు తీరిపోతుంది. నోరు తెరిస్తే కాలువా పోతుంది, పరువూ పోతుంది. ఏ రైతు ముందూ ఇక అతను కొలబద్ద ఎత్తలేడు. ఒక్క క్షణం, అతనిలోని గవర్నమెంటు ఉద్యోగి తల ఊపబోయాడు కూడా. కానీ ఒక అంగుళం నీటి విషయంలో కూడా అబద్ధం చెప్పి ఎరగనివాడు ఎనభై మంది ప్రార్థన ముందు పన్నెండంగుళాల అబద్ధం మోయలేకపోయాడు. వెళ్లి మైకు తీసుకున్నాడు.

అన్నీ చెప్పాడు. పడవ లేదని, ఎప్పుడూ లేదని. పాచికలు, గ్యారేజీ, బావిలో పడ్డ యోధుడు, బలం మూడు. లూమి కిర్‌స్టెన్ బిడ్డ కాదని, తను కాగితం మీద పుట్టించుకున్న ఫెయిరీ అని, ఒక రెక్క పొట్టిదని, కొంగలంటే భయమని. గుండీల సంగతి చెబుతుండగా గొంతు వణికింది. అది సిగ్గుతో వణికిన వణుకు, హాల్లో వాళ్లు దుఃఖమనుకున్నారు.

చెప్పడం పూర్తయ్యాక మొదటి వరసలో ఒకావిడ మెల్లగా ఏడవడం మొదలుపెట్టింది. పాస్టర్ ఇంగ్రిడ్ అతని చేతిలోంచి మైకు నెమ్మదిగా తీసుకుని, దుఃఖం ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రూపం తీసుకుంటుందని, దేవుడు రెక్కలిచ్చి పిలుచుకునే పిల్లలు కూడా ఉంటారని చెప్పింది. లోవెల్ నేల చూపులు చూశాడు. ఆర్డిస్ వచ్చి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. ముప్ఫై ఏళ్లుగా వెండెల్ ఏం చెప్పినా నమ్మిన ఊరు మొదటిసారి అతని మాట నమ్మలేదు, అదీ నిజం విప్పి చెప్పిన రోజున.

అప్పుడు తలుపు తెరుచుకుంది. లావోన్ మెట్లు దిగింది. ఆవిడకు రాత్రిపూట హైవే మీద బండి నడపడం భయం కనుక వెంట కిర్‌స్టెన్ వచ్చింది. కిర్‌స్టెన్ కంటే ముందు కిర్‌స్టెన్ కడుపు వచ్చింది, నిండుగా, భేషుగ్గా, ఆరో నెలకు ఎంత ఉండాలో అంత. చల్లగాలికి ఎర్రబడ్డ బుగ్గలతో ఆ అమ్మాయి హాలంతా కలయజూసి, మంచి ఆకలి మీద ఉన్నానని, బఠానీ సూపు మిగిలిందా అని అడిగింది.

ఎనభై మంది ఆ కడుపు వంక చూశారు. తర్వాత వెండెల్ వంక చూశారు. తర్వాత, చాలా మర్యాదగా, తమ తమ గిన్నెల వంక చూశారు. చివరికి ఆర్డిస్ లేచి గరిటె అందుకుంది.

"సూపు చల్లారిపోతోంది," అంది.

అందరూ కూర్చుని తిన్నారు. మధ్యలో కిర్‌స్టెన్ ఆ టోపీలన్నీ ఎవరికని అడిగింది. ఆర్డిస్ ఆమె గిన్నెలో మరో గరిటె సూపు వేసింది. ఆ అమ్మాయి చెవులున్న టోపీ ఒకటి ఏరుకుని చాలా ముద్దుగా ఉందని సంచిలో వేసుకుంది. మిగిలినవి మర్నాడు ఆర్డిస్ పెట్టెలో సర్ది, నెలలు తక్కువ పిల్లలున్న పట్నం ఆసుపత్రికి పంపేసింది. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరికైనా పనికొచ్చినవి ఆ టోపీలే.

ఇంటికి వెళ్తుంటే లావోన్ కారులో నాలుగో మైలు దగ్గర నోరు విప్పింది.

"ఇరవై రెండేళ్లు ఆ మాట నా కడుపులో దాచుకున్నాను వెండెల్. మా అక్కకు కూడా చెప్పలేదు. నువ్వు మైకులో చెప్పావు."

గురువారం, శుక్రవారం వెండెల్‌కు నరకం చూపించాయి. ఎవరైనా ఎగతాళి చేసి ఉంటే తట్టుకునేవాడు. ఎవరూ ఏమీ అనలేదు. కడిగిన గిన్నెలు తిరిగి ఇవ్వడానికి ఏడు ఇళ్లకు వెళ్తే ఏడు ఇళ్లలోనూ థాంక్సు చెప్పి, ఈ ఏడు మంచు ఆలస్యంగా కరిగేట్టుందన్నారు. ఫెయిరీ అన్న మాట ఊళ్లో పుట్టనట్టే ప్రవర్తించారు. కాఫీ దుకాణంలోకి అడుగుపెడితే అందరూ ఒక్కసారిగా ట్రాక్టర్ల గురించి మాట్లాడేవారు. ఆర్విడ్ నుంచి ఫోను లేదు, లోవెల్ నుంచి లేదు. పిల్ల కోసం ఒప్పుకున్న ఒప్పందం పిల్లే లేనప్పుడు ఎందుకు నిలబడుతుంది? శుక్రవారం సాయంత్రం వెండెల్ పక్క కౌంటీకి ఉత్తరం రాశాడు: సోమవారం విచారణకు మీ తనిఖీ అధికారిని పంపండి, ఇక్కడ నా కొలతలు ఎవరూ నమ్మే స్థితిలో లేరు. సంతకం పెట్టి, పంపలేక, జేబులో పెట్టుకున్నాడు.

శనివారం వెళ్లకూడదనుకున్నాడు. లావోనే తోలింది. పరువు పోనే పోయింది, ఆ పిల్లనెందుకు ఊరికే చంపుకోవడం అని అడిగింది. గ్యారేజీలో కర్టిస్ మంట మీద ఉన్నాడు, పదకొండు ఇళ్లు ఎందుకు పోయాయో అతనికి అప్పటికి తెలిసింది. ఆ మంటంతా కథలోకి ఒంపి, ఆట మొదలైన పావుగంటకే లూమిని గుహలో కాపురముండే ముక్కోపి రాక్షసుడి ముందు నిలబెట్టాడు. ఆ పిల్లకున్న ప్రాణాలు రెండు పాయింట్లు. కొట్టే బలం లేదు, పారిపోయేంత రెక్క లేదు. ఏం చేస్తావో చెప్పమన్నాడు. వెండెల్ చాలాసేపు ఆలోచించి, లూమి గుహ గుమ్మంలో మూత పెట్టిన వేడి గిన్నె ఒకటి పెట్టి, ఏమీ అడక్కుండా వెనక్కి తిరిగిందని చెప్పాడు. పాచికలు వేశాడు. జన్మలో పడని అంకెలు పడ్డాయి. కర్టిస్ పళ్లు కొరుక్కుంటూ రాక్షసుడు వెక్కి వెక్కి ఏడ్చాడని చెప్పాల్సి వచ్చింది. ఆ రాక్షసుడు కృతజ్ఞత పట్టలేక పిల్ల వీపు తట్టాడు. ఒక పాయింటు పోయింది.

సోమవారం విచారణకు మామూలుగా ఆరుగురు వస్తారు. ఆ రోజు గది నిండి, గోడల వెంట కూడా నిలబడ్డారు. పక్క కౌంటీ ఉత్తరం వెండెల్ జేబులోనే ఉంది. తనను చూడ్డానికే వచ్చారని అతనికి తెలుసు. చెవులు కాలిపోతుండగా లేచి, కాగితంలోంచి తల ఎత్తకుండా కొలతలు చదివాడు. అడుగున్నర లోతు, ఎగువ రైతు ఖర్చుతో గట్టు. చివర్లో ఎప్పుడూ అడిగేదే అడిగాడు, ఎవరికైనా ప్రశ్నలున్నాయా అని. ముప్ఫై ఏళ్లలో ఆ మాటకు జవాబుగా ఒక్క చెయ్యి లేవలేదు.

లోవెల్ చెయ్యి లేచింది.

గది గదంతా అతని వైపు తిరిగింది. వెండెల్ జేబులోని ఉత్తరం మీద చెయ్యి వేసుకున్నాడు. లోవెల్ ముందు ఆర్విడ్ వంక చూశాడు, తర్వాత కిటికీ వంక చూశాడు, మెడ దాకా ఎర్రబడ్డాడు.

"ఆ చిన్నది, వెండెల్ గారూ. శనివారం దాటిందా?"

ఎవరూ నవ్వలేదు. గోడ వెంట నిలబడ్డవాళ్లు వినడానికి ముందుకు వంగారు. తలుపు దగ్గర ఆర్డిస్ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది.

"దాటింది," అన్నాడు వెండెల్. "రెండిట్లో ఒక పాయింటు పోయింది. ఒకటి మిగిలింది."

"ఒకటి చాలు," అన్నాడు లోవెల్. ఊపిరి వదిలి పెన్ను అడిగి సంతకం పెట్టాడు.

ఆర్విడ్ పెన్ను అందుకుని కాగితం మీద వంగాడు. "ఆ రోజు తల ఊపి ఊరుకుంటే ఆయన పని జరిగిపోయేది," అని లోవెల్‌తో గొణిగాడు. "లేని పిల్ల గురించే అబద్ధం చెప్పలేనివాడు, ఉన్న నీళ్ల గురించి మనతో అబద్ధమాడతాడా?" సంతకం పెట్టి, కింద తేదీ కూడా వేశాడు.

వెండెల్ కాగితం తీసుకుని దాని మీద రెండుసార్లు ముద్ర వేశాడు. ఎల్క్ బెండ్ కౌంటీ చరిత్రలో ఒక మనిషి మరో మనిషిని సొంత విషయం ముఖం మీద అడగడం అదే మొదటిసారి. నష్టమేమీ జరగలేదు గానీ, అలవాటవుతుందన్న భయంతో ఆ తర్వాత ఎవరూ అడగలేదు.